నిండుగా తిరిగొచ్చిన నీళ్ళ సీసా: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి బాబు వాళ్ళమ్మ ఒప్పుకున్నారు. పేరు మార్చాను, ఊరి పేరు చెప్పడం లేదు, ఇంటి వివరాలు ఒకటి రెండు అటూ ఇటూ చేశాను. ఆటిజం ఉన్న ఆ బాబుని నాని అందాం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా ఆటోలో ముప్పావుగంట దూరం వాళ్ళ ఊరు. నాన్నకి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. సంక్రాంతికీ పైడితల్లమ్మ జాతరకీ వస్తాడు. ఇంట్లో ఉండేది అమ్మ, నానమ్మ, నాని. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా పిల్లలకి అలవాటు చేయించడం నా పని. ఇందులో సగం నేను తప్పు చేసిన కథే. అది దాచి రాస్తే ఈ కేసు ఎవరికీ పనికిరాదు.

2023 జులైలో మొదటిసారి తీసుకొచ్చేసరికి నానికి ఆరేళ్ళు నిండాయి. అమ్మ ముంజేతి మీద మూడు చోట్ల పంటి గాట్లు, ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది. "మేడంగారూ, మా గుంటడు పొద్దున్నంతా మంచోడే. సాయంత్రం బడి నుంచి వొచ్చీసరికి ఆడిలోకి ఏటో దూరినట్టు అయిపోతాడు" అన్నారావిడ. వెనకాల నిలబడిన నానమ్మ గొంతు తగ్గించి "గాలి" అంది. నాని మాత్రం మా గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ పట్టుకుని ఒకటి నుంచి ఐదు దాకా, మళ్ళీ ఐదు నుంచి ఒకటి దాకా తిప్పుతున్నాడు. ప్రతి అంకె దగ్గరా ఫ్యాన్ వేగం సర్దుకునేదాకా ఆగి మరీ తిప్పుతున్నాడు.

కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంగన్‌వాడీలో ఉండగానే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం మాటలు ఆలస్యమని గమనించి జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి, అంటే ఇలాంటి ఇబ్బందుల్ని చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే కేంద్రానికి, పంపింది. 2013లో మొదలైన పథకం అది. నా దగ్గరికి వచ్చే పల్లె పిల్లల్లో చాలామంది ఆ దారినే వస్తారు. ఆటిజం ఎంత ఉందో కొలిచే మన దేశపు ఐఎస్‌ఏఏ స్కేలులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. నానికి మొత్తం 96 వచ్చింది. 70 నుంచి 106 వరకు తేలికపాటి ఆటిజం అని లెక్క. ఆ 'తేలికపాటి' అనే మాట నాకెప్పుడూ నచ్చదు. ఆ మాట రాసినవాళ్ళని ఎవరూ కరిచి ఉండరు. విశాఖలో సైకియాట్రిస్టు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు) కూడా ఉందన్నారు. 2013లో డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) వచ్చేదాకా ఈ రెండూ ఒకే బిడ్డకి కలిపి రాయకూడదని నియమం ఉండేది. శబ్దానికీ వాసనకీ స్పర్శకీ అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది కూడా అదే డీఎస్ఎం-5. నాని విషయంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ రెండోదే.

వాడి సాయంత్రం గోలని ఇంట్లోవాళ్ళు పేచీ అనేవారు. అప్పుడు చదువుతున్న ప్రైవేటు బడిలో మొండి అని పేరుపెట్టి వరండాలో నిలబెట్టేవారు. పేచీ పెట్టే పిల్లాడు మధ్యమధ్యలో ఓరకంట మనల్ని చూస్తాడు, అడిగింది చేతిలో పెడితే ఆగుతాడు, దెబ్బ తగలని చోటు చూసుకుని మరీ పడతాడు. నాని ఆ సమయంలో ఎవరినీ చూడడు. వాడికెంతో ఇష్టమైన రెగ్యులేటర్ ముందుకి తీసుకెళ్ళినా చూడడు. దాన్ని మేము మెల్ట్‌డౌన్ అంటాం. ఆ నిమిషాల్లో బిడ్డకి మన మాట చేరదు. చెప్పినా, అడిగినా, బెదిరించినా వాడి మీద ఇంకో చప్పుడు పడినట్టే.

మొదటి మూడు నెలలు నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను. ముఖాల కార్డులు పెట్టాను: సంతోషం, ఏడుపు, కోపం, భయం, ఆశ్చర్యం, విసుగు. నాని పది రోజుల్లో ఆరింటికి ఆరు పేర్లూ అప్పజెప్పేశాడు. నేను మురిసిపోయి ఫైల్లో రాసుకున్నాను కూడా. కానీ "నీకిప్పుడు ఎలా ఉంది నానీ?" అని అడిగితే కార్డుల వంక చూసి ఎప్పుడూ పసుపురంగుదే తీసిచ్చేవాడు. పసుపు వాడికిష్టం, అంతే.

ఊపిరి తీసుకోవడం నేర్పాను. ముక్కుతో పీల్చు, కొవ్వొత్తి ఊదినట్టు వదులు. గదిలో బాగానే చేసేవాడు. ఇంట్లో గోల మొదలవగానే అమ్మ "నానీ, కొవ్వొత్తి ఊదు" అనేవారు. రెండు వారాలు తిరిగేసరికి కొవ్వొత్తి మాట వింటేనే కొట్టేవాడు. ఒక రాత్రి కరెంటు పోయి నిజం కొవ్వొత్తి వెలిగిస్తే అది కూడా విసిరికొట్టాడట. వాడికి ఆ మాట ఎప్పుడూ ఆ నరకం మధ్యలోనే వినపడింది మరి, రెండూ అంటుకుపోయాయి. ఊపిరి పాఠం ఒంటికి బాగున్నప్పుడు వందసార్లు చేయించాకే అవసరానికి వాడాలని నాకు తెలుసు. అమ్మకి చెప్పలేదు. తెలిసిన విషయమే కదా అని చెప్పకుండా వదిలేసేవి చాలా ఉంటాయి మా పనిలో.

పాత చీరలతో ఇంట్లో ఒక మూల గుడారం కట్టించాను, కుదురుకోవడానికి. వారం తిరక్కుండానే "పో, గుడారంలోకి పో" అన్నది ఆ ఇంట్లో శిక్ష అయిపోయింది.

ఆ అక్టోబరులో దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం, పైడితల్లమ్మ జాతరలో ముఖ్యమైన రోజు. నాన్న వచ్చాడు, కొడుకుని భుజం మీద ఎక్కించుకుని విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి తీసుకెళ్ళాడు. సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. వీళ్ళు మొదటి తిరుగుడు కూడా చూడలేదు. డప్పులు, ఈలలు, ఒంటికి ఒరుసుకునే జనం. మూసి ఉన్న ఒక దుకాణం షట్టరు ముందు నలభై నిమిషాలు నాని కొట్టుకున్నాడు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు వాడిమీద నీళ్ళు చల్లారు, ఇంకొకరు అమ్మవారు పూనిందన్నారు. నాన్న చెయ్యి చేసుకున్నాడు. మర్నాడు ఫోన్‌లో అమ్మ గొంతు పూడుకుపోయి ఉంది: "ఇంక మందే పెట్టించీండి మేడంగారూ."

నవంబరులో వాళ్ళింటికి వెళ్ళాను. జులైలోనే వెళ్ళాల్సింది.

నాలుగున్నరకి ఆటో వచ్చి ఆగింది. పదకొండు మంది పిల్లలు, సీటు వెనక పెద్ద స్పీకరు, పాట ఆపకుండానే దింపుతున్నాడు డ్రైవరు. నాని దిగాడు. చొక్కా కాలరు నమిలి నమిలి తడిసిపోయి ఉంది. తొడలు దగ్గర పెట్టుకుని, మడమలు నేలకి ఆనించకుండా నడుస్తున్నాడు. గుమ్మంలో అమ్మ ప్రేమగానే అడిగారు, "ఏం చెప్పారు నాన్నా ఇవాళ?" అని. అంతే. బ్యాగు ఎగిరిపడింది. గుండీలు తెగేలా చొక్కా లాక్కున్నాడు, తల తలుపుకేసి కొట్టుకున్నాడు, అడ్డం వెళ్ళిన అమ్మ చెయ్యి కరిచాడు. నానమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసి పొయ్యిలో పడేసింది. ఆ ఘాటుకి నాకే ఊపిరాడలేదు, వాడి సంగతి వేరే చెప్పాలా. నా గడియారంలో ఇరవై రెండు నిమిషాలు. చివరికి నేలమీద వాలిపోయి, నిక్కరు తడిపేసుకుని, అక్కడే నిద్రపోయాడు.

"రోజూ ఇలాగేనా?"

"ఇలాగేనండి. ఉచ్చ పోసీసుకున్నాడంటే ఇంక ఆగిపోయినట్టే."

ఈ సంగతి నా జులై ఫైల్లోనే ఉంది, నా చేతిరాతతోనే: 'చివర్లో మూత్రం పోతుంది'. నాలుగు నెలలు దాన్ని గోల తాలూకు ఫలితంగానే చదివాను. ఇంతలో అమ్మ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి తులసి కుండీలో వంచేశారు. మూత దాకా నిండుగా ఉంది. "తాగలేదా?" అంటే, "ఎప్పుడూ ఇలాగే తెస్తాడండి, మొక్కకి పోసీస్తుంటాను" అన్నారు.

గోడ మీద క్యాలెండరులోనే గుర్తులు పెట్టమన్నాను. పెద్ద ఫారాలిస్తే ఎవరూ నింపరు. గోల జరిగిన టైము, సీసా నిండా సగమా ఖాళీయా, బడిలో బాత్రూముకి వెళ్ళాడా లేదా, ఇంతే. పందొమ్మిది రోజులు ఆవిడ ఒక్కరోజు కూడా తప్పకుండా రాశారు. మొత్తం 23 మెల్ట్‌డౌన్‌లు. వాటిలో 17 సాయంత్రం నాలుగుంబావుకీ అయిదున్నరకీ మధ్య. మూడు ఆదివారాలూ కలిపి రెండే. సీసా ఒక్కరోజూ ఖాళీ కాలేదు. బడిలో బాత్రూముకి ఒక్కసారీ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళడో మాటల్లో అడిగితే లాభం లేదు. బడి బొమ్మ గీసి, వేలు పెట్టి ఒక్కో చోటే చూపిస్తూ పోయాను. బాత్రూము దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకున్నాడు, తర్వాత ముక్కు. ఇనుప తలుపు ధడేల్మని పడుతుంది, లోపల చీకటి, ఫినాయిల్ వాసన. నీళ్ళు తాగకపోతే అక్కడికి వెళ్ళే పనే ఉండదని ఆరేళ్ళవాడు కనిపెట్టుకున్నాడు. తెలివైన ఉపాయమే. ఒంటికి మాత్రం అది గిట్టలేదు. పిల్లల డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి రోజుల తరబడి మలబద్ధకం ఉందని తేల్చారు, విరేచనం మెత్తబడేందుకు మందు రాశారు. బిడ్డ కొరుకుతున్నాడూ తల బాదుకుంటున్నాడూ అంటే మొదట పొట్ట, పళ్ళు, చెవులు చూపించమని ఇప్పుడు నేను అందరికీ చెప్తున్నాను. నాని విషయంలో ఆ పని నాలుగు నెలలు ఆలస్యంగా చేశాను.

అయితే కడుపు నిండా మూత్రం పట్టుకున్న పిల్లాడు "అమ్మా, వస్తోంది" అని ఇంటికి రాగానే చెప్పొచ్చు కదా? ఇక్కడే ఉంది అసలు ముడి. ఆకలి, దాహం, మూత్రం, గుండెదడ, ఒంటి వేడి ఇవన్నీ లోపలి నుంచి మెదడుకి చేరే కబుర్లు. దీన్ని ఇంటరోసెప్షన్ అంటారు. మెదడులో ఇన్సులా అనే భాగానికి ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ కబురు మసగ్గా అందుతుంది, లేదా అందాల్సిన టైముకి అందక ఒక్కసారే విరుచుకుపడుతుంది. ఎక్కడో ఏదో భరించలేనట్టుంది, ఏమిటో తెలియదు. మనకి కోపం వచ్చిందని తెలిసేది కూడా ఒంట్లోంచే కదా. ఆ కబురే సరిగ్గా అందని బిడ్డకి నేను కోపం ముఖం బొమ్మ చూపించి పేరు చెప్పమన్నాను!

భాష కూడా అడ్డుపడింది. తెలుగులో మనసు మాటలన్నీ ఒంటి మాటలే: ఒళ్ళు మండింది, కడుపు రగిలింది, గుండె జారింది. ఉన్నదున్నట్టు అర్థం చేసుకునే పిల్లాడితో "నీకు ఒళ్ళు మండుతోందా?" అన్నానొకసారి. చేతులు తిప్పి తిప్పి చూసుకుని "మంట లేదు" అన్నాడు. నిజమే చెప్పాడు.

దారి చూపింది నానమ్మ పొయ్యి. పెరట్లో కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు పెడితే నాని అక్కడే గొంతుక్కూర్చుని చూస్తాడట. ఏం చూస్తావని అడిగాను. వాడు నాతో మాట్లాడిన పొడుగాటి మాటల్లో అదే మొదటిది: "ముందు ఊరుకుంటాది. అప్పుడు పాట పాడతాది. అప్పుడు ముత్యాలు. అప్పుడు మూత కొట్టుకుంటాది. అప్పుడు పొంగీసి పొయ్యి ఆరిపోద్ది." అయిదు దశలు, వరసగా. రంగుల చార్టులు కొని తెచ్చిన నేను ఆ పెరట్లో నోరు తెరుచుకుని నిలబడ్డాను. నానమ్మ కట్టె ఎగదోస్తూ, "మూత కొట్టుకుంటే మీరందరూ మూత నొక్కుతారమ్మా. కట్టె లాగాల గానీ" అంది.

మర్నాటి నుంచి వాడి ఒంటిని నీళ్ళ భాషలోకి మార్చాం. వాడు బాగున్న వేళలోనే, వారాల తరబడి. పరుగెత్తించి ఛాతీ మీద చెయ్యి పెట్టించి "ఇది ముత్యాలా, పాటా?" అని అడగడం. చెంబుడు నీళ్ళు తాగించి, అరగంటకి పొత్తికడుపు మీద చెయ్యి వేయించి "ఇప్పుడేంటి?" అని అడగడం. అమ్మ కూడా తన సంగతి పైకి చెప్పాలి: "కరెంటు బిల్లు చూశాను, నాకు పాట మొదలైంది." ఇది అన్నిటికంటే కష్టమైంది ఆవిడకే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు తమ ఒంట్లో ఏముందో పైకి చెప్పుకోవడం ఎక్కడుంది?

జనవరి నెలాఖరులో నాని తనంతట తను "పాట" అన్నాడు, చెవి మీద చెయ్యేసుకుని. పక్కింటి మిక్సీకి. అమ్మ వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళారు. గోల రాలేదు.

కట్టెలు లాగే పని కూడా అదే రోజుల్లో మొదలైంది. సాయంత్రం ఇంటికి రాగానే ప్రశ్నలు బంద్. ముందు బాత్రూము, తర్వాత బెల్లం వేసిన మజ్జిగ (వాడికి ఉప్పుది పడదు), తర్వాత వీధిలో బోరింగు కొట్టడం. ఇరవై సార్లు కొట్టి, సగం బిందె మోసుకొచ్చి తులసి కుండీలో పొయ్యాలి. కండరాలకీ కీళ్ళకీ బరువు తగిలే పని కొందరు పిల్లల్ని కుదురుపరుస్తుంది, కొందరి మీద ఏ ప్రభావమూ ఉండదు. ఇందులో గట్టి రుజువులున్నాయని నేను చెప్పను. నానికి పనిచేసింది. ఆటో మాన్పించడానికి డబ్బు కుదరలేదు. డ్రైవరుతో మాట్లాడితే స్పీకరు మాత్రం ఆపాడు. గుడారంలోకి పొమ్మనడం ఆపించి, మధ్యాహ్నం నానమ్మనే అందులో పడుకోమన్నాను. నాలుగు రోజులకి నాని వెళ్ళి ఆవిడ పక్కన దూరాడు. దిష్టి మానమంటే నానమ్మ ఒప్పుకోదు, నాకూ మాన్పించాలని లేదు. మిరపకాయ లేకుండా ఉప్పుతో తీసి నీళ్ళల్లో కలిపెయ్యమన్నాను. "అలాక్కూడా తీత్తారులే" అంది.

బడితో మాత్రం ఓడిపోయాం. క్లాసు జరుగుతుండగా, ఖాళీగా ఉన్నప్పుడు బాత్రూముకి పంపమని అడిగితే, ఒక్కడికోసం రూలు మార్చలేమన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉందని చెప్పి చూశాను. విన్నారు, అంతే. 2024 జూన్‌లో ఊళ్ళోని ప్రభుత్వ బడికి మార్చారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచరు నాతో వచ్చారు. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ చట్టం గురించి ఒక్క ముక్కా వినలేదు, డ్రాయరు తీసి స్టాఫ్ బాత్రూము తాళంచెవి నాని చేతిలో పెట్టారు. ఆటో కూడా తప్పిపోయింది, నడిచే దూరం.

నాన్న సంగతి చెప్పాలి. 2024 సంక్రాంతికి వచ్చి ఇదంతా చూసి ముద్దు చేసి చెడగొడుతున్నారన్నాడు. భోగినాడు ఒక దెబ్బ పడింది, మళ్ళీ అరగంట గోల. నేను ఆయనకి పాఠం చెప్పలేదు. చిన్నప్పుడు మీకు జాతర ఇష్టమేనా అని మాత్రం అడిగాను. చాలాసేపు నేల చూసి, "నాను గాదెలో దూరీసి కూకునీవోడిని. డప్పు ఆగీదాకా వొచ్చీవోడిని కాదు. మా అయ్య తన్నీవోడు" అన్నాడు. పక్కనున్న నానమ్మ ఏమీ అనలేదు. ఇలాంటివి కుటుంబాల్లో వస్తుంటాయి. ఆయనకి నేను ఏ పేరూ పెట్టను, ఆయన అడగలేదు కూడా. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్‌లో కొడుకుని ఒక్కటే అడుగుతాడు: "ఇవాళ ఎన్ని కొట్టావురా?" బోరింగు లెక్క.

మందు గురించి. విశాఖ డాక్టరుగారు రిస్పెరిడోన్ గురించి వివరంగానే చెప్పారు. తీవ్రమైన చిరాకు, తనని తాను గాయపరచుకోవడం ఉన్న పిల్లలకి దానికి చోటు ఉంది. ఆకలీ బరువూ పెరుగుతాయి, పరీక్షలు చేయిస్తూ వాడాలి. ముందు మలబద్ధకం సర్ది ఆరు వారాలు చూద్దామని ఆయనే అన్నారు. ఆ తర్వాత అవసరం పడలేదు. పడి ఉంటే వాడేవాళ్ళం, అందులో ఓటమి ఏమీ లేదు.

2024 ఆగస్టులో మళ్ళీ పందొమ్మిది రోజులు లెక్క పెట్టాం. అయిదు మెల్ట్‌డౌన్‌లు, ఎక్కువసేపు సాగింది తొమ్మిది నిమిషాలు. సెప్టెంబరు తర్వాత కరవలేదు. 2025 జనవరిలో జ్వరం వచ్చి, నాన్న తిరుగు ప్రయాణం కూడా కలిసి, ఒకే వారంలో నాలుగు జరిగాయి. వేసవిలో కరెంటు పోయిన రాత్రులు ఇప్పటికీ కష్టమే.

2024 సిరిమానోత్సవానికి నానిని తీసుకెళ్ళలేదు. మంగళవారం ఇంట్లోనే ఫోన్‌లో, సౌండు తీసేసి చూశాడు. సిరిమాను ముందు నడిచేవాటికి అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు అని పేర్లు చెప్తూ. తర్వాతి వారం తెల్లవారుజామున గుడి ఖాళీగా ఉన్నప్పుడు అమ్మవారిని చూసొచ్చారు. బంధువులు "ఇంకా నయం కాలేదా?" అంటున్నారట. జాతర డప్పుల మధ్య పళ్ళ బిగువున నిలబడేలా తయారుచేస్తే దాన్ని నయం కావడం అనుకునేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు.

2025 జూన్‌లో నాని మూడో తరగతికి వచ్చాడు, టీచరు మారారు. నేను రెండు పేజీల రిపోర్టు రాసిచ్చాను. అమ్మ విడిగా ఒక నోటుబుక్కు కాగితం రాసుకొచ్చి చూపించారు:

"మా బాబు బాత్రూముకి అడగడు. పదకొండింటికి, రెండింటికి మీరే గుర్తు చేసి పంపండి. అందరూ వెళ్ళినప్పుడు వద్దు. పాట మొదలైంది అంటే బయట బోరింగు దగ్గరకి పంపండి, తనే వస్తాడు. అప్పుడు ఏమైందని అడగవద్దు. సీసా నిండుగా ఉంటే నాకు ఫోన్ చేయండి."

నేను ఒక్క మాట కూడా మార్చలేదు. కింద ఫోన్ నంబరు మాత్రం ఇంకాస్త పెద్దగా రాయమన్నాను.